తోలు తగలని నీళ్ళు

పోయిన వారం మా ఫ్లాట్‌లో మంచినీళ్ళ మిషను మొరాయిస్తే బాగుచేసే మనిషి వచ్చాడు. గోడకున్న డబ్బా విప్పి, లోపల్నుంచి అరిగిపోయిన చిన్న రబ్బరు చక్రం ఒకటి తీసి, "ఇదేనమ్మా, వాషర్ ఖరాబైంది" అంటూ నా అరచేతిలో పెట్టాడు. దాన్ని పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అతను కొత్తది బిగించి, గ్లాసుతో నీళ్ళు పట్టి అందించినా నా చెయ్యి లేవలేదు. అనుమానపడుతున్నాననుకున్నాడు కాబోలు, "ఫికర్ చెయ్యకుండ్రి, మస్తు సాఫ్ ఉన్నయి నీళ్ళు" అన్నాడు. నా దిగులు ఈ నీళ్ళ గురించి కాదు నాయనా అని అతనితో ఏం చెప్పను, తాగేశాను. వాషరు అన్న మాట చెవిన పడితే నాకు మావారి బామ్మ గుర్తొస్తుంది. ఇంగ్లీషు ముక్క ఒక్కటి రాని ఆవిడ, హైదరాబాదు వచ్చాక మొట్టమొదట నేర్చుకున్న ఇంగ్లీషు మాట అదే. నేర్చుకున్నది తిట్టడానికి లెండి.

డెబ్భైల మొదట్లో మావారికి హైదరాబాదులో ఓ సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు పట్నంలో అద్దె ఇల్లు వెతికి చూడమని చెప్పడం ఎందుకు మరిచిపోయారో తెలియదు. మా కోస్తా వాళ్ళంతా మూసీకి అవతల కొత్త పేటల్లో ఉండేవారు. అక్కడి అద్దెలు మా అందుబాటులో లేవు. చివరికి ఆఫీసులో ఆయన పక్క కుర్చీ మనిషి, లాల్‌దర్వాజాలో తనకు తెలిసిన వాళ్ళింట్లో రెండు గదుల వాటా ఖాళీగా ఉందని చెప్పాడు. రైలు దిగి, రిక్షాలో పరుపుచుట్టల మీద నేనూ, వెనకాల ఇంకో రిక్షాలో రాగిబిందె ఒళ్ళో పెట్టుకుని బామ్మా, సైకిలు అద్దెకు తీసుకుని మా ముందు దారి కనుక్కుంటూ మావారూ, అలా ఊరేగుతూ ఆ సందులోకి వచ్చాం. రిక్షా పట్టే సందు అయిపోయాక మనుషులు మాత్రమే పట్టే సందు వచ్చింది. దాని చివర పెద్ద చెక్క తలుపు. లోపల షాబాదు బండలు పరిచిన వాకిలి, దాని చుట్టూ మూడు వాటాలు, ఓ జామచెట్టు, వాకిలి మధ్యలో ఇత్తడి కొళాయి, వెనక మూలన చేదబావి. బావికి ఆనుకున్న గోడ అవతల అందరికీ కలిపి ఒకే మరుగుదొడ్డి. దాన్ని అక్కడ సెండాసు అంటారని మర్నాటి ఉదయం నేర్చుకున్నాను. నేర్చుకోక తప్పని సమయంలో నేర్చుకున్నాను.

బామ్మ గురించి చెప్పాలి. మావారి తల్లి పురిట్లోనే పోతే ఆయన్ని పెంచింది ఈవిడే, తండ్రి తరఫు బామ్మ. చిన్న వయసులోనే భర్త పోయి, ఆ రోజుల ఆచారం ప్రకారం తల గొరిగించి, తెల్లపంచ కట్టించేశారు. "ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు" అని తన మీద తనే చెప్పుకుని నవ్వేది. మాది గోదావరి గట్టున ఊరు. రోజూ తెల్లారకముందే ఏట్లో మునిగి, తడిబట్టతో రాగిబిందె నింపుకొచ్చి, ఆ నీళ్ళతోనే వండుకుని, ఆ నీళ్ళే తాగి బతికిన మనిషి. అక్కడి ఇల్లు దాయాదుల పాలైంది. కొడుకూ పోయాక, మనవడు తప్ప ఆవిడకు ఈ లోకంలో వేరే నీడ లేదు. ఉన్నదల్లా ఆ మడి. మొగుడు లేడు, కొడుకు లేడు, నగ లేదు, జుట్టు లేదు; మడి ఒక్కటీ ఆవిడ సొంతం. ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గాని అప్పుడు నాకూ అది చాదస్తంగానే కనిపించేది. ఆవిడ ఆరేసిన పంచ కింద నుంచి వంగి నడిచి నడిచి నా నడుం వంగిపోయిందని మా అమ్మకు ఫిర్యాదు చేసిన దాన్నే నేను.

ఇంటివాళ్ళది లాల్‌దర్వాజాలో తరాలుగా ఉన్న కుటుంబం. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఇంటావిడను వాడంతా పెద్దక్క అనేవారు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు కాబట్టి నేనూ అలాగే పిలిచాను. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, మోచేతి దాకా గాజులు, వాకిలి ఈ చివర మాట్లాడితే సందు ఆ చివర వినిపించే గొంతు. మొదటి రోజే బామ్మను "ఏందవ్వా, పైలంగ వచ్చిన్రా? నువ్వేం తింటవ్, ఏం తాగుతవ్ చెప్పు" అని పలకరించింది. ముక్కూ ముఖం తెలియని మనిషి నువ్వు అంటుందేమిటని బామ్మ ఆ పూటంతా చిన్నబుచ్చుకుంది. ఆ నువ్వులో ఎంత గౌరవం ఉందో మాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. అలాంటివి చాలా ఉండేవి. కొళాయి అంటే నల్లా. అద్దె అంటే కిరాయి. కిరసనాయిలు కోసం డబ్బా పట్టుకుని కొట్టు ముందు నిలబడితే, కొట్టువాడు నన్ను ఎగాదిగా చూసి "క్యా హోనా?" అన్నాడు. నాకు ఉర్దూ రాదు, అతనికి నా తెలుగు తెలుగులా అనిపించలేదు. వెనకనున్న పెద్దక్క "గ్యాసునూనె భాయ్, గ్యాసునూనె. కొత్తగొచ్చిన్రు, జర చూసి ఇయ్యి" అని అడ్డం పడకపోతే ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. బొగ్గులు ఎక్కడ దొరుకుతాయో, కూరలకు మీరాలం మండికి ఏ పూట వెళ్ళాలో, పాలల్లో నీళ్ళు కలిపేవాడెవడో, అసలు కలపనివాడు ఎవడూ లేడని, అన్నీ ఆమే చెప్పింది.

నీళ్ళ దగ్గరే చిక్కొచ్చింది. తెల్లవారుజామున నల్లా వచ్చేది. "నల్లా వచ్చింది, బిందెలు తేండ్రి!" అని పెద్దక్క కేకేస్తే మూడు వాటాల ఆడవాళ్ళమూ లేచి వచ్చేవాళ్ళం. గండిపేట నుంచి వచ్చే నీళ్ళు, కొబ్బరినీళ్ళలా ఉండేవి. బామ్మ మాత్రం దూరంగా నిలబడి, మావారిని పిలిచి, "ఒరేయ్ అబ్బాయ్, ఆ కొళాయి తిప్పితే నీళ్ళు ఆగుతున్నాయి కదా, లోపల ఏం పెట్టి ఆపుతారురా?" అని అడిగింది. మావారికి అబద్ధం చెప్పే అలవాటు లేకపోవడం మా సంసారానికి చాలాసార్లు చేటు చేసింది. "వాషరని తోలు బిళ్ళ ఉంటుందే బామ్మా" అన్నారు. అంతే. "తోలా! చచ్చిన గొడ్డు తోలు తగిలిన నీళ్ళు నా గొంతులో పోస్తావురా?" అని ఆవిడ ఆ రోజు పచ్చి గంగ ముట్టలేదు. పెద్దక్కే షాలిబండ నుంచి నల్లాలు బాగుచేసే సాహెబును పిలిపించింది. అతను నల్లా విప్పి, తోలు బిళ్ళ తీసి దూరంగా విసిరేసి, రబ్బరుది వేసి, గడ్డం సవరించుకుంటూ, "చమ్డా నికాల్ దియా అమ్మా, అబ్ రబ్బర్ హై, ఆరామ్‌సే పియో" అన్నాడు. బామ్మకు మాట అర్థం కాకపోయినా చేత చూసింది. కాసేపు ఆలోచించి, "ఇక్కడ సరేలే నాయనా. గండిపేట నుంచి ఇక్కడికి మధ్యలో ఇలాంటివి ఎన్నున్నాయో అడగరా అబ్బాయ్" అంది. అడిగాం. అతను ఆకాశం వంక చూశాడు. వాకిలంతా నవ్వులే. పెద్దక్క మాత్రం "గండిపేట నీళ్ళు తాగినోళ్ళు పట్నం ఇడిశిపోరంటరు. అవ్వ పోతనంటుందేమొ, గందుకే తాగుతలేదు" అని వేళాకోళమాడింది.

ఇక మిగిలింది బావి. ఉప్పగా ఉండేవి ఆ నీళ్ళు. పప్పు ఉడకదు, సబ్బు నురగ కట్టదు. బామ్మ తడిబట్టతో తనే చేదుకుని, రాగిబిందె నింపుకుని, మా వంటగదిలో ఓ మూల చాక్‌పీసుతో గీత గీసి, గీతకు అవతల కుంపటి పెట్టుకుంది. ఇవతల నా నల్లా నీళ్ళ బిందె, అవతల ఆవిడ బావి నీళ్ళ బిందె. ఒకే వంటగదిలో రెండు దేశాలు. పెద్దక్కకు ఇది ససేమిరా నచ్చలేదు. "గా బాయి నీళ్ళు బట్టలు ఉతుకుడుకే అవ్వా, నోట్లె పొయ్యకు. గోడ అవతల్నే సెండాసు గుంత ఉంది, కండ్లు కనవడ్తలేవా?" అని దెబ్బలాడింది. "భూమిలోంచి ఊరిన జలానికి అంటేమిటే? నీ వాషరు తోలుగొట్టం కంటే నయమే" అని బామ్మ. రోజూ పొద్దున్నే ఇదొక లొల్లి. కానీ ఆవిడ ఆ నీళ్ళే తాగుతూ, ఆ ఉడకని పప్పే తింటూ, గుండ్రాయిలా తిరిగింది. ఒక్క రోజు తలనొప్పి అన్నది లేదు. చూసి చూసి పెద్దక్కే ఓడిపోయి, "ఈ ముసల్ది రాళ్ళు తిని అరగదీసుకునేటట్టుంది" అని ఊరుకుంది. మేమూ ఊరుకున్నాం.

వాళ్ళిద్దరి స్నేహం ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. బామ్మ మడిలో ఉంటే పెద్దక్క ఎదురుగా రాకూడదు. వస్తే గోడకు అతుక్కుపోయి దారివ్వాలి. తన ఇంట్లో తనే గోడకు అతుక్కుపోతూ ఆమె నవ్వేది. మధ్యాహ్నం బామ్మ భోజనం అయి మడి విడిచాక, ఇద్దరూ జామచెట్టు కింద చెరో పీట మీద కూర్చుని వత్తులు చేసేవారు. ఈవిడ గోదావరి వరదల గురించి చెప్తే ఆవిడ మూసీ వరదప్పుడు తన అత్తగారి అత్తగారు చింతచెట్టెక్కి బతికిన కథ చెప్పేది. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. ఆ సగంతోనే సరిపెట్టుకునేవారు.

నేను పురిటికి పుట్టింటికి వెళ్ళి, మూడో నెల పిల్లతో తిరిగొచ్చాను. ఆడపిల్ల. వాకిలంతటికీ అదే చంటిపిల్ల. పెద్దక్క పిల్లలు బడికి వెళ్ళే వయసువాళ్ళు కావడంతో, ఆమె మా పాపను చంకనుంచి దింపేది కాదు. బామ్మ అయితే చెప్పనక్కర్లేదు. కాళ్ళు చాపుకుని, పాపను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, శనగపిండి రాసి నీళ్ళు పోస్తుంటే పిల్ల గుక్కపట్టి ఏడ్చి, ఆ తరవాత పొద్దెక్కేదాకా నిద్రపోయేది. "నా బుల్లితల్లి, నా గోదారి తల్లి" అని ఆవిడ పాడే జోలకు రాగం లేదు, తాళం లేదు. పిల్లకు మాత్రం అదే కావాలి. పిల్ల పాకుతూ చాక్‌పీసు గీత దాటి మడిలోకి వెళ్ళిపోయేది. నేను హడలిపోయి లాగబోతే, "చంటిదానికి మైలేమిటే, రానీ" అనేది. ఆ వంటగదిలో ఆ గీత దాటే హక్కు దానికొక్కదానికే ఉండేది.

పిల్లకు ఏడాది నిండుతుండగా వేసవి వచ్చింది. ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. చెరువులు అడుగంటాయన్నారు. వాకిట్లో నల్లా మొదట సన్నబడింది, తరవాత బుసకొట్టింది, తరవాత అదీ మానేసింది. సందు మొదట్లో వీధి నల్లా ఒక్కటే గతి. అది కూడా ఎప్పుడొస్తుందో తెలియదు. బిందె వరసలో పెట్టి, ఎండలో కాపలా కాయాలి. బిందె వదిలి వస్తే వరస పోతుంది. నేనూ, పెద్దక్కా అక్కడే పడి ఉండేవాళ్ళం. పాప బామ్మ దగ్గర ఉండేది. ఒకరోజు నేను సగం నిండిన బిందెతో చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి, బామ్మ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముఖం వెలిగిపోతూ ఉంది. "దాహానికి ఒకటే గోల పెట్టిందే పిల్ల. నీ బిందె చూస్తే చుక్క లేదు. నా గంగే ఉగ్గుగిన్నెతో పట్టాను. ఎలా చప్పరించిందనుకున్నావ్! ఉప్పగా ఉన్నాయని ఒక్కసారి మొహం కూడా చిట్లించలేదు" అంది. ఆవిడ జీవితంలో తన మడినీళ్ళు ఇంకొకరికి పోయడం అదే మొదలు. ఆ సంబరం అంతా మొహంలో ఉంది. నేనూ నవ్వాను. దాహమైన పిల్లకు నీళ్ళిచ్చింది, ఎవరైనా అదే చేస్తారు. నేను ఇంట్లో ఉన్నా, ఆ పూట ఆ బిందెలోంచే ముంచేదాన్ని. ఆ తరవాత రోజుల్లోనూ అలాగే జరిగింది. నా బిందెలో ఉంటే నావి, లేకపోతే ఆవిడవి.

ఆ ఎండల్లోనే పాపకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. మొదట ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తేట పట్టాం. సాయంత్రానికి కళ్ళు లోతుకు పోయాయి. పెద్దక్క చూసి, "ఇంట్ల కూసునే పని కాదిది చెల్లే, దవాఖానకు పోదాం పా" అని పిల్లను తన కొంగులో చుట్టుకుని ముందు నడిచింది. పిల్లల దవాఖాన వార్డు నిండిపోయి ఉంది. మంచానికి ఇద్దరు, కింద చాపల మీద ఇంకొందరు. అన్నీ చంటిపిల్లలే, అన్నీ ఇదే జబ్బు. సన్నటి చేతికి సూది గుచ్చి సీసా ఎక్కించారు. బామ్మ ఊళ్ళో ఏ ఆస్పత్రి గడపా తొక్కని మనిషి, అందరూ తగులుతున్నా పట్టించుకోకుండా ఆ చాప పక్కనే కూర్చుంది. రెండు రోజులు పచ్చి గంగ ముట్టలేదు. డాక్టరు వచ్చి, "ఏ నీళ్ళు తాగిస్తున్నారు?" అని అడిగాడు. మావారు నోరు తెరిచేలోపే, "బావి నీళ్ళు బాబూ. నేనే పట్టాను" అంది బామ్మ. ఆయన నిట్టూర్చి, "బావి నీళ్ళు పట్టకూడదమ్మా" అని, తరవాత వార్డంతా చేత్తో చూపించి, "అలాగని నల్లా నీళ్ళనీ నమ్మడానికి లేదు. నీళ్ళు రానప్పుడు గొట్టాల్లోకి మురుగు దిగుతోంది. వీళ్ళల్లో చాలామంది నల్లా నీళ్ళు తాగినవాళ్ళే" అన్నాడు. ఆయన మాటల్లో మొదటి ముక్కే బామ్మ చెవిన పడింది. రెండో ముక్కను ఆ తరవాత నేను ఎన్నిసార్లు చెప్పానో, ఆవిడ ఎన్నిసార్లు తలాడించిందో. వినలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం పాప పోయింది. అంతకంటే రాయలేను. ఇన్నేళ్ళయినా ఆ వాక్యం తరవాత నాకు ఇంకో వాక్యం దొరకలేదు.

బామ్మ మీద నాకు కోపం రాలేదంటే ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను. వచ్చింది. రాగిబిందె తీసి బావిలో గిరాటు వెయ్యాలన్నంత వచ్చింది. కానీ ఎవరి మీద వెయ్యను ఆ నేరం? ఆ నీళ్ళో, ఈ నీళ్ళో, పాలవాడు పాలల్లో కలిపిన నీళ్ళో, చెప్పగలిగినవాడు ఎవడూ లేడు. ఆవిడ ముఖం చూస్తే ఆ కోపం నిలబడేది కూడా కాదు. మావారు నన్నూ ఏమీ అనలేదు, ఆవిడనూ ఏమీ అనలేదు. ఆఫీసు నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవారు. తిట్టినా బాగుండేదని బామ్మ పెద్దక్కతో అందట.

వానలు పడి, వాకిట్లో నల్లా మళ్ళీ వచ్చిన మొదటి రోజు నాకు బాగా గుర్తు. పెద్దక్క కేకకు ఆడవాళ్ళమంతా వచ్చాం. మా వెనక రాగిబిందె చంకన పెట్టుకుని బామ్మ వచ్చింది. తడిబట్ట కాదు, కట్టుకుని పడుకున్న పంచే. పెద్దక్క తన బిందె పక్కకు జరిపి చోటిచ్చింది. బామ్మ నల్లా కింద దోసిలి పట్టింది. వేళ్ళ సందుల్లోంచి సగం కారిపోయాయి. మిగిలిన సగం కళ్ళు మూసుకుని, మందు తాగినట్టు గటగటా తాగింది. తరవాత బిందె పట్టుకుంది. "అవ్వా, గిట్లెందుకు చేసినవ్?" అని పెద్దక్క ఏడ్చేసింది. బామ్మ లోపలికి వెళ్ళి, చాక్‌పీసు గీతను తడిగుడ్డతో తుడిచేసింది.

ఆ రోజుతో మడి పోయింది. మేం ఏం వండితే అది తినేది, ఎవరు తగిలినా పట్టించుకునేది కాదు, ఏకాదశి ఎప్పుడని అడిగేది కాదు. ఊరినుంచి వచ్చిన చుట్టాలు "బామ్మగారు పట్నం మనిషి అయిపోయారే!" అని మెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. దెబ్బలాడే బామ్మ కావాలి నాకు. నేను కావాలని ఆవిడ ఆరేసిన పంచ ముట్టుకున్నాను, ఒక్కసారైనా కస్సుమంటుందని. "తీసి మడత పెట్టేస్తావుటే, మంచిది" అంది.

పెద్దక్క నాకంటే తెలివైంది. ఆ కార్తీకంలో ఒకరోజు పొద్దున్నే మా గుమ్మంలో చప్పుడైతే తలుపు తీశాను. తలంటుకుని, తడిచీరతో, చలికి పళ్ళు టకటకలాడుతూ ఆమె నిలబడి ఉంది. చేతిలో కొత్త ఇత్తడి బిందె. హుస్సేనీ ఆలం దాటి ఎక్కడో పాత గుడిలో తియ్యటి నీళ్ళ బావి ఉందని ఎవరో చెబితే అంత దూరం పోయి, అక్కడే స్నానం చేసి, చేదుకుని తెచ్చింది. "మంచినీళ్ళు అవ్వా. తడిబట్టతోనే తెచ్చిన, తొవ్వల ఎవ్వర్నీ ముట్టలే. గుడి బాయిది, దగ్గర్ల సెండాసు లేదు, ఏం లేదు. నేన్ రోజూ తెచ్చిస్త. నువ్వు నీ మడి నువ్వు కట్టుకో" అంది. ఇన్నాళ్ళూ ఆ మడికి దారిచ్చి గోడకు అతుక్కుపోయిన మనిషి, ఆ మడిని బతికించడానికి తనే మడి కట్టుకుని వచ్చింది. బామ్మ లేచి వచ్చి ఆమె తడిచెయ్యి పట్టుకుంది. ఎవరి చెయ్యీ పట్టుకోని మనిషి. "ఇంత దూరం మోసుకొచ్చావుటే తల్లీ" అని, ఆమె తల తన పొడి కొంగుతో తుడిచింది. గ్లాసుతో ముంచి, "ముందు నువ్వు తాగు" అని ఆమెకిచ్చి, తరవాత తను తాగింది. "బావున్నాయే. మా గోదారంత బావున్నాయి" అంది. గ్లాసు కింద పెట్టి, "రేపట్నించి తేకు. మైల నీళ్ళకు కాదే అమ్మా, నా చేతులకు" అంది. పెద్దక్క ఎంత పోరినా ఇంక ఒప్పుకోలేదు.

రెండేళ్ళకు నాకు మళ్ళీ ఆడపిల్ల పుట్టింది. బామ్మ ఎత్తుకుంది, జోల పాడింది, కాళ్ళ మీద వేసుకుని స్నానాలు చేయించింది. కోలుకుందనుకున్నాం. కానీ పిల్ల నోటికి నీళ్ళు మాత్రం ఆవిడ చేత్తో అందించేది కాదు. స్నానం చేయించేటప్పుడు కూడా పిల్ల నోటికి అడ్డంగా అరచెయ్యి పెట్టుకునేది. పిల్ల మాటలు నేర్చి, "బామ్మా, నీళ్ళు" అంటే, నేను ఎక్కడున్నా, "ఏమే, పిల్ల నీళ్ళడుగుతోందే!" అని కేక పెట్టేది. నేను కాచి వడపోసిన నీళ్ళు మరచెంబులో పోసి, గ్లాసుతో సహా ఆవిడ పక్కనే పెట్టి వెళ్ళేదాన్ని. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆవిడ ఆ గ్లాసు ఎత్తి పిల్లకు ఇస్తే చాలు, నా ప్రాణం కుదుటపడుతుంది, ఆవిడదీ పడుతుంది అనిపించేది. నేను దేవుడికి మొక్కుకున్న మొక్కుల్లో అదొకటి. ఒకరోజు నేను రేషను కొట్టు నుంచి వచ్చేసరికి సందు మొదట్లోకే బామ్మ గొంతు వినిపించింది. పెద్ద తలుపు పట్టుకుని నిలబడి, దారిన పోయే వాళ్ళనల్లా, "అమ్మా, కాస్త మా పిల్లకు నీళ్ళు పొయ్యండమ్మా, బాబూ, మీరైనా రండి బాబూ" అని పిలుస్తోంది. కన్నీళ్ళు కారిపోతున్నాయి. లోపల మరచెంబు నిండుగానే ఉంది. ఆ వేళకు పెద్దక్క కూడా ఇంట్లో లేదు. నేను గుమ్మం చేరేలోపే గాజులు అమ్మే ముస్లిం ముసలమ్మ ఒకామె గంప గుమ్మంలో దించి, లోపలికి వచ్చి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నీళ్ళు తాగిస్తోంది. నన్ను చూసి, "బేటీ, ఈ నానీమాకు ఏం రంజు ఉంది, ఏం దుఃఖం ఉంది?" అని మెల్లగా అడిగింది. మరచెంబు ఆవిడ పక్కన పెట్టడం ఆ రోజుతో మానేశాను.

పిల్లకు నాలుగేళ్ళు వచ్చాక ఓ చలికాలం బామ్మ మంచం పట్టింది. ఇదీ అని చెప్పే జబ్బు లేదు. ఒక పొద్దున ఊపిరి మారింది. అందరం చుట్టూ చేరాం. తులసి తీర్థం పొయ్యాలి అన్నారెవరో. మావారి చేతిలో ఉద్ధరిణి నీళ్ళు పెదవుల దాకా చేరకుండానే ఒలికిపోతుంటే, పెద్దక్క దాన్ని తీసుకుని పిల్ల చేతికిచ్చి, "పొయ్యి బిడ్డా, బామ్మకు నువ్వు పొయ్యి" అంది. వాకిట్లో అప్పుడే పట్టిన నల్లా నీళ్ళు, అందులో రెండు తులసాకులు. "బామ్మా, నీళ్ళు తాగు" అని పిల్ల జాగ్రత్తగా, ఒక్క చుక్క చెదరకుండా పోసింది. బామ్మ కళ్ళు తెరిచి, ఎవరి చెయ్యో చూసుకుని, తాగింది. ఆ చేతినే చూస్తూ పోయింది.

పిల్లకు ఇప్పుడు నలభై దాటాయి, బామ్మ రూపం కూడా గుర్తు లేదంటుంది. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. మాన్పుతుందేమో గాని, అది తన తీరిక చూసుకుని వచ్చేసరికి మనుషులు ఉండరు.